చేను మధ్య సమాధి

"పక్కకు లేమ్మా. బండి బాడుగ పెరుగుతాండాది," అన్నాడు కొడుకు రామాంజులు.

జేసీబీ ఇనుప చేయి సమాధి మీదికి వంగి ఆగింది. చౌడమ్మ సిమెంటు దిమ్మె మీద నుంచి కదల్లేదు.

"ఇది అమ్మేస్తే నేను యాడికి పోవల్ల రామాంజులూ? పండినా ఎండినా ఈ చేనే కదా నాకు కూడు పెడతాండేది."

"ఉరవకొండలో అంగడి పెడతా. నాతో వచ్చి ఉండు. పాసుపుస్తకం నా పేరున ఉండాది. నాయన నీకేమన్నా రాసిపెట్టి పోయినాడా?"

చేను కొనడానికి బెళుగుప్ప నుంచి వచ్చిన విజయభాస్కర్ గట్టు మీద నిలబడి నిట్టూర్చాడు. పరాయి భూమి చౌకగా దొరికే చోట జాలి బాగానే పొంగుతుంది.

"ఎర్రప్ప బతికుండంగానే ఒక వీలునామా రాసింటే నీకు ఈ గతి పట్టునా తల్లీ? ముందుచూపు లేని మనిషి. ఏమప్పా, సమాధి ఉండే చేను నాకొద్దు. ఎత్తేస్తేనే బేరం."

ముందుచూపు లేదన్న మాటకు చౌడమ్మకు ఒళ్ళు మండింది.

కరోనా ఏడాది బెంగళూరుకు కూలికి పోయిన ఎర్రప్ప, ఆసుపత్రి మంచం మీద నుంచి ఫోన్‌లో ఒకటే చెప్పాడు. "సమాధి చేను నడిమధ్యన కట్టు. గట్టు మీద వద్దు." ఆమె ఒక్కతే గోయి తీసింది, పూడ్చింది, దిమ్మె కట్టించింది. రోగం భయంతో ఊళ్ళో ఎవరూ ఆ దరిదాపులకు రాలేదు. కన్నకొడుకూ రాలేదు.

"ఎముకలు తీసి గట్టు పక్కన పెడదామమ్మా. పూజ కూడా చేయిస్తా," అన్నాడు రామాంజులు.

దిమ్మె లేచిందంటే చౌడమ్మ బతుకు తెల్లారినట్టే. ఏడ్చి ప్రయోజనం లేదు. మెల్లగా దిగి, గట్టు మీది గడ్డపార తెచ్చి కొడుకు చేతిలో పెట్టింది.

"బండెందుకు? నువ్వే తవ్వు. ఆ పొద్దు పిడికెడు మన్ను వేయను కూడా రాకపోతివి. ఈ పొద్దన్నా మీ నాయనను చూసుకో."

రామాంజులు గడ్డపార పైకెత్తాడు. చౌడమ్మ కొంగు పిడికిట్లో నలిగిపోయింది.

గడ్డపార గాలిలోనే ఆగింది. తర్వాత నేల మీద పడింది. రామాంజులు కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు.

"నా చేత కాదు. పో అన్నా, ఈ చేను నేను అమ్మను. మా నాయన ఈడ ఉండాడు."

విజయభాస్కర్ గొణుక్కుంటూ బైకెక్కాడు. జేసీబీ వెనక్కి తిరిగింది. చౌడమ్మ కొడుకు తల నిమిరింది.

ఎర్రప్ప శవాన్ని ఆసుపత్రివాళ్ళు బెంగళూరులోనే కాల్చేశారు.