పక్క సీటు

"మీ పక్కవాళ్ళు వచ్చారా? వస్తే చెయ్యెత్తండి," అంది గైడు. ఈ టూరులో తలలు లెక్కపెట్టరు. భర్తకు భార్య, భార్యకు భర్త పూచీ.

కిటికీలోంచి మంచుకొండను వీడియో తీస్తూనే ఒకాయన చెయ్యెత్తాడు. బస్సు కదిలింది.

రెండు మలుపులు దాటాక లోయలో నీలంగా సరస్సు కనిపించింది. "ఇదిగో, ఇటు చూడు!" అంటూ పక్కకు తిరిగాడు. సీట్లో ఆవిడ శాలువా ఒక్కటే ఉంది.

"ఆపండి! మా ఆవిడ రాలేదు!"

భాష తెలియని దేశం. ఆవిడ ఫోనూ, పాస్‌పోర్టూ ఈయన సంచీలోనే ఉన్నాయి.

"కంగారుపడకండి, పైన మనం ఆగిన చోట ఉన్నవాళ్ళకు ఫోన్ చేసి చెప్తాను," అంది గైడు. "ఏ రంగు కోటు వేసుకున్నారు?"

పొద్దున ఆవిడ ఆ కోటు జిప్పు పట్టడం లేదంటే, "అబ్బ, ఉండవే!" అని కసిరిన సంగతి ఆయనకు గుర్తుంది. రంగే గుర్తు రాలేదు.

"ఆకుపచ్చది," అంది వెనక సీట్లో పెద్దావిడ. "జిప్పు నేనే పెట్టాను."

ఆయనకు తల కొట్టేసినట్టయింది.

బస్సు వెనక్కి వెళ్ళేసరికి ఆవిడ దిగిన చోటే చలికి ముడుచుకుని నిలబడి ఉంది. ఎక్కుతూనే అందరికీ దణ్ణం పెట్టింది. "ఏమనుకోకండి. ఆయన త్వరగా రమ్మనే చెప్పారు, బాత్రూమ్ దగ్గర నేనే ఆలస్యం చేశాను."

ఆయన ఆ మాట చెప్పనే లేదు. నలుగురిలో తిట్టినా బాగుండేది.

"ఇప్పుడు వచ్చారా అందరూ?" అంది గైడు.

ఆయన చెయ్యి ఒళ్ళోంచి లేవలేదు. ఆవిడ పక్కకు తిరిగి, ఆయన్ని నిదానంగా చూసి, చెయ్యెత్తింది.

"మా ఆయన ఉన్నారండీ."