రాలేదు

"షుగర్ మందుల జాబితాలో మూడొందల మంది పేర్ల పక్కన ‘రాలేదు’ అని ఉంది. పేర్లు తీసేద్దామా సార్?" అంది ఆసుపత్రి డేటా టీమ్‌లో అమ్మాయి.

టీమ్ లీడర్ మౌస్ మీద వేలు పెట్టాడు.

రిజిస్టర్లు పట్టుకెళ్లడానికి వచ్చిన పెద్ద సిస్టర్ తెరలోకి తొంగిచూసింది. "అది నేను రాసిందే తల్లీ. రానిది మనుషులు కాదు, వాళ్ల రక్తపరీక్ష రిపోర్టులు. మనుషులు పొద్దున్నే వచ్చి వరసలో నిలబడుతూనే ఉన్నారు."

ముందు అమ్మాయే నవ్వేసింది.

అతను వేలు వెనక్కి తీసుకున్నాడు. లెక్కలొచ్చిన వాళ్లందర్నీ ఏరికోరి తెచ్చుకున్నాడు గానీ, ఆ లెక్క రాసే మనిషినే పిలవలేదు.

"రేపట్నుంచి మీరూ మా టీమ్‌లో కూర్చోవాలి సిస్టర్," అంటూ కుర్చీ జరిపాడు.

"ముప్పై ఏళ్ల సర్వీసులో కూర్చోవడం ఒక్కటే నేర్చుకోలేదు బాబూ," అంది సిస్టర్. "నిలబడే చెప్తాను, రాసుకోండి."