పనిచేసే చెయ్యి

“ఆ కాగితం తియ్యండి డాక్టరుగారూ. కుడి అని ఎవరు రాశారో నాకు తెలియాలండి.”

చంద్రరావు గొంతుకి బయట బెంచీ మీదివాళ్ళు తలుపు సందులోంచి తొంగి చూశారు. చూడనీ. రెండు రోజులుగా నమిలిన కోపం. ధవళేశ్వరం నుంచి రాజమండ్రి దాకా ఆటోలోనూ అదే నమిలాడు. ఇక మింగడం తనవల్ల కాదు. పక్కన సత్యకుమారి, ఎప్పట్లాగే అతని కుడివైపు, మందుల సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

డాక్టరు రమేష్ బాబు అతని ఎడమ మణికట్టు మీద వేళ్ళు ఆనించాడు. నెలన్నర కిందట అక్కడ కోసి, లోపల రెండు రక్తనాళాలను కలిపి కుట్టింది ఆయనే. మూత్రపిండాలు పాడైనవాడికి మిషన్‌తో రక్తం శుభ్రం చెయ్యాలంటే, పెద్ద సూదులు పట్టే లావాటి నాళం కావాలి. అది తయారయ్యేదాకా మెడలో గొట్టం. కలిపి కుట్టిన చోట చర్మం కింద తుమ్మెద ఉన్నట్టు ఎప్పుడూ గుయ్‌మంటూనే ఉంటుంది.

“బాగా తయారైందయ్యా. వచ్చేవారం నుంచి ఇందులోనే సూదులు. అమ్మా, రోజూ పొద్దున్నే చెవి పెట్టి వింటున్నారా?”

సత్యకుమారి మొహం పూర్తిగా అటు తిప్పి ఎడమ చెవి ముందుకు పెట్టింది. “ఏవండి?”

“కుడి చెవి వినపడదండి దానికి,” చంద్రరావే చెప్పాడు. “పన్నెండేళ్ళయింది. రేవులో జారిపడితే మెట్టు తగిలింది. దాని సంగతి వదిలెయ్యండి. నా చెయ్యి సంగతి చెప్పండి.”

“వింటున్నానండి,” అంది సత్యకుమారి. “రోజూ మోగుతోంది.”

“మోగితే ఎవడిక్కావాలి? నేను పుర్రచేతివాణ్ణండి. వల విసిరేది ఎడం చేత్తో, తెడ్డు వేసేది ఎడం చేత్తో. మళ్ళీ వల ఎప్పుడు పట్టచ్చని మొన్న అడిగితే, పనిచేసే చెయ్యి కుడి అని కాగితంలో ఉంది కదా, దీంతో బిందె కూడా ఎత్తకూడదని చెప్పి మీ యెహెజ్కేలు నవ్వాడండి.”

మిషన్లు చూసే యెహెజ్కేలు అతని కుడి చేతికి బీపీ పట్టీ చుడుతున్నాడు. “నవ్వలేదు బాబాయ్. నా మొహమే అంత.”

“ఎవరికైనా ఎక్కువ పనిచెయ్యని చేతికే పెడతాం,” అన్నాడు డాక్టరు. “ఆపరేషన్ రోజున ఎందుకు చెప్పలేదు?”

“చిన్న కోత, కుట్లు మానితే సరి అనుకున్నానండి. మీరు అడిగితే కదా చెప్పడానికి?”

ఎవరూ ఎప్పుడూ అడగలేదు. చిన్నప్పుడు ఎడం చేత్తో ముద్ద కలిపితే నాయన తెడ్డు కర్రతో వేళ్ళ మీద కొట్టేవాడు. ఎందుకని అడిగినందుకు ఇంకో రెండు. అన్నానికీ, సంతకానికీ, దణ్ణానికీ కుడి చెయ్యి నేర్చుకున్నాడు. మిగతా అన్నిటికీ ఎడమే. ఆ చెయ్యి ఒక్కటే తనది అనిపించేది చంద్రరావుకి. నాయన నేర్పనిది, తనంతట తాను లేచేది. దాన్ని కూడా ఎవరో ఒక కలం గీతతో లాగేసుకున్నారు.

డాక్టరు ఫైలు తిరగేసి ఒక కాగితం దగ్గర ఆగాడు. చదివాడు. “పనిచేసే చెయ్యి, కుడి. చెప్పినది, భార్య. ఇక్కడ చేర్చిన రోజు రాసింది. నువ్వప్పుడు మాట్లాడే స్థితిలో లేవయ్యా.”

చంద్రరావు మెల్లగా కుడివైపు తిరిగాడు.

“నువ్వు చెప్పావా?”

“చెప్పాను.”

“ముప్పై ఏళ్ళు నా పడవలో కూర్చున్నావు కదే. ఏ చేత్తో వల విసురుతానో నీకు తెలీదా?”

“అన్నం కుడి చేత్తోనే తింటావు కదా.”

“నా ఒంటి సంగతి చెప్పడానికి నువ్వెవరివే? నాకు నోరు లేదా?”

ఎడం చెయ్యి లేచింది. తనంతట తానే, భుజం మీదుగా, వల విసిరే ముందు లేచినట్టు.

“బాబాయ్, ఆ చెయ్యి.” యెహెజ్కేలు గొంతులో ఈసారి నవ్వు లేదు.

చెయ్యి గాల్లో ఆగింది. మణికట్టులో తుమ్మెద గుయ్‌మంటోంది. చంద్రరావు కుడి చేత్తో దాన్ని అందుకుని, పసిబిడ్డని దింపినట్టు ఒళ్ళోకి దింపుకున్నాడు.

“జన్మంతా అలాగే చూసుకోవాలి,” అన్నాడు డాక్టరు. “దెబ్బ తగిలితే నాళం పూడుకుపోతుంది. పగిలిందో, రక్తం ఆగదు.”

“కుడి చేతికి మార్చండి.”

“మళ్ళీ మొదటి నుంచి రావాలి. ఇంకో రెండు నెలలు మెడలో గొట్టం. దానికి చీము పడితే నేను మాటివ్వలేను. మార్చమంటావా?”

చంద్రరావు మెడలోని గొట్టం తడుముకున్నాడు. అందరూ కలిసి తనకి అన్యాయం చేశారు. సత్యకుమారి ఎడమ చెవి డాక్టరు వైపు పెట్టింది.

“అయితే ఆ చెయ్యి దేనికీ గట్టిగా తగలకూడదు కదండి?”

“తగలకూడదమ్మా.”

“ఎప్పటికీనా అండి?”

“ఎప్పటికీ.”

“వల నేను విసురుతాలే,” అంది మొగుడితో. “పద.”

సంచి భుజానికి తగిలించుకుని లేచింది. వరండాలో చంద్రరావు ఎడం చేతిని కుడి చేత్తో పొదివి పట్టుకుని, బెంచీల మధ్య ఎవరి మోచెయ్యీ తగలకుండా ఒదిగి ఒదిగి నడిచాడు. సత్యకుమారి వెనకనుంచి చుట్టూ తిరిగి వచ్చి, పన్నెండేళ్ళలో మొదటిసారి, అతని ఎడంపక్కన నడిచింది.

ఆమె రేవులో ఎప్పుడూ జారిపడలేదు.