గార్డు గారి విజిల్

"ఎన్నాళ్ళకో మా ఆయన నవ్వారమ్మా! ఇవాళే ఛుట్టీ ఇప్పించు, ఇంటికి తీసుకుపోతాను," సూరమ్మ బట్టలు సంచిలో కుక్కుతూ నర్సు లిడియాతో అంది.

దిగులు జబ్బుతో ఆసుపత్రిలో చేరిన ఆమె భర్త, గూడ్సు గార్డు మల్లేశ్వరరావు, మంచం మీద ప్రశాంతంగా కూర్చున్నాడు.

"మెడలో విజిల్ ఏదీ, బాబాయ్ గారూ?" లిడియా ఆయన్ని అడిగింది.

"మా అబ్బాయి రవికి ఇచ్చెయ్యమన్నారు." సూరమ్మ మురిసిపోతూ కొంగుముడి విప్పి విజిల్ చూపించింది.

లిడియా తండ్రి కూడా గార్డే. డ్యూటీ దిగితే తప్ప విజిల్ తీసేవాడు కాదు.

ఆమె వంగి మెల్లగా అడిగింది. "ఈ బతుకులోంచే దిగిపోదామనుకున్నారా, బాబాయ్?"

ఆయన నవ్వు చెదిరిపోయింది. "ఎలా తెలిసిందమ్మా?"

లిడియా విజిల్‌కున్న తాడు విప్పి తన జేబులో వేసుకుంది. విజిల్ మాత్రం ఆయన చేతిలో పెట్టింది.

"ఆ ఆలోచన వస్తే ఊదండి. పరిగెత్తుకొస్తాను."

సూరమ్మ సంచిలోంచి బట్టలు ఒక్కొక్కటే బయటికి తీసింది.