జర్మనీకి తిట్లు

‘ర’ మళ్లీ పూడిపోయింది.

ఐలేశం కట్టింగు మిషను నుంచి స్టిక్కరు లాగి చూసి తల పట్టుకున్నాడు. ‘లాంచీల రాకపోకలు’ అని కోయమంటే, ‘ర’ లోపలి ఖాళీ పోయి నల్లటి ముద్ద వచ్చింది. నందికొండలో లాంచీలు ఎక్కేచోట పెట్టాల్సిన బోర్డులవి. శివరాత్రి జనం దిగేలోగా కావాలని కాంట్రాక్టరు రోజూ మనిషిని పంపుతున్నాడు.

ఐలేశం వాళ్లది మగ్గాల ఇల్లు. అతను మాత్రం చిన్నప్పుడే మగ్గం వదిలి కుంచె పట్టాడు. నల్లగొండ బజారులో సగం బోర్డులు అతని చేతి రాతే. అలాంటివాడు ఉన్నట్టుండి కుంచెలు కట్టగట్టి అటక మీద పడేశాడు. ఎందుకని అడిగినవాళ్లకు, ఇప్పుడందరూ కంప్యూటర్ రాతే కావాలంటున్నారని చెప్పాడు. ఒక పాత కంప్యూటరూ, స్టిక్కర్లు కోసే మిషనూ కొన్నాడు.

బొమ్మలు గీసే ప్రోగ్రాం కొనడం మాత్రం అతని తరం కాలేదు. గడియారం సెంటర్లో ఇంటర్నెట్ దుకాణం నడిపే తాహేరా, కంప్యూటర్ల చదువు చదివిన అమ్మాయి, ఒక ఉచితమైనది తెచ్చి ఎక్కించింది. అందులో గీతంటే చుక్కల వరస. ఏ చుక్క పక్కకు జరిగినా దాన్ని పట్టుకుని మీటతో సరిచేసుకోవచ్చు. ఐలేశానికి కావలసింది అదే.

“గిది ఎట్ల చేసిర్రో ఆ రాత గూడ ఇందులనే ఉంటది కాకా,” అంది తాహేరా. “తెలిసినోళ్లు ఎవరైనా విప్పి బాగుచేసుకోవచ్చు.”

“నాకు తెల్వదు గద బిడ్డా. చేసినోడే బాగుచేయాలె.”

చేసినవాడు జర్మనీలో ఉన్నాడు. ఐలేశానికి ఇంగ్లీషు రాదు. అందుకని తాహేరా దుకాణంలో స్టూలు మీద కూర్చుని తెలుగులో చెప్పేవాడు, ఆమె ఇంగ్లీషులో ఈమెయిలు కొట్టేది. జవాబొస్తే చదివి అర్థం చెప్పేది.

మొదట్లో మర్యాదగానే రాయించాడు. కొన్నాళ్లకు ‘ర’ బాగుపడిందంటూ తాహేరా కొత్త ఫ్లాపీ ఇచ్చింది. ఐలేశం సంబరంగా కంఠమహేశ్వర హోటలు బోర్డు మొదలుపెట్టాడు. ‘ర’ బాగుంది, ‘ఠ’లో చుక్క మాయమైంది. మళ్లీ ఉత్తరం. ఈసారి చుక్క వచ్చింది. కానీ చేసింది కంప్యూటర్లో దాచబోతే ప్రోగ్రామే మూసుకుపోయి, పొద్దుటి నుంచి చేసిన పనంతా గాలిలో కలిసింది.

ఐలేశం ఎండలో నడిచి వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు.

“రాయి. నీ ప్రోగ్రాం కన్నా గాడిద నయం, ఎత్తిన బరువన్న మోస్తదని రాయి.”

తాహేరా ఉన్నదున్నట్టు కొట్టింది. మధ్యలో ఆవలించింది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఇక్కడ తన పని తగలబడుతుంటే ఈ పిల్లకు నిద్రొస్తోందా అని ఆమె మీదా విసుక్కున్నాడు. ఆమె తప్పయిందంది.

తర్వాతి జవాబు తాహేరా చదివి చెప్పినప్పుడు అతనికి ఇంకా మండింది. ఓపిక పట్టమన్నాడట. ఆదివారంలోగా బోర్డులు రాకపోతే హైదరాబాదు నుంచి తెప్పించుకుంటానని కాంట్రాక్టరు ఆ పొద్దుటే చెప్పి పోయాడు. ఈ పని పోతే ఊళ్లో పని కూడా ఒక్కొక్కటే అటే పోతుందని ఐలేశానికి తెలుసు.

తన దుకాణానికి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. అటక మీద నుంచి కుంచె దించి, రేకు మీద ‘ర’ రాయబోయాడు. చేయి ఒణికింది. గీత తెగిన బల్లి తోకలా కొట్టుకుంది. రెండో చేత్తో మణికట్టు పట్టుకుని మళ్లీ రాశాడు. అదే వంకర. ఎవరన్నా చూస్తారేమోనని కిరసనాయిలు గుడ్డతో గబగబా తుడిచేశాడు. ఈ ఒణుకు సంగతి ఇంట్లో భార్య నాగులమ్మకు కూడా చెప్పలేదు. ఆమె చూస్తుండగా టీ గ్లాసు ఎత్తడం కూడా మానేశాడు.

మళ్లీ గడియారం సెంటరుకు పోయి చివరి ఉత్తరం చెప్పాడు. “ఇగ నీకు రాయ. నీ ప్రోగ్రాం నీ దగ్గర్నే పెట్టుకో.”

తాహేరా అది కొట్టి, స్టూలు అంచును గట్టిగా పట్టుకున్న అతని చేతి వైపు చూసింది. శనివారం దాకా ఆగమని బతిమాలింది.

శనివారం పొద్దున్నే ఫ్లాపీ ఆమే తెచ్చి ఎక్కించి, దుకాణం తీయాలంటూ వెళ్లిపోయింది. ఐలేశం ఆశ లేకుండానే మౌసు పట్టుకుని ‘ర’ గీశాడు. చేయి ఎప్పటిలాగే ఒణికింది. తెర మీద గీతా ఒణికింది. వేలు తీయగానే ఆ గీత తనంతట తానే సర్దుకుని, నూనె జారినట్టు నున్నగా తిరిగింది. అది అతని పాత ‘ర’. కుంచె రోజుల నాటిది. దాచినా ఈసారి ప్రోగ్రాం మూసుకుపోలేదు.

ఆదివారం మధ్యాహ్నానికి బోర్డులన్నీ నందికొండ లారీ ఎక్కాయి.

ఆ రోజు కడుపునిండా తిని పడుకున్న ఐలేశాన్ని ఒక అనుమానం లేపి కూర్చోబెట్టింది. ‘ర’ గురించి రాయించాడు. ‘ఠ’ గురించి రాయించాడు. చేతి గురించి మాత్రం ఏ ఉత్తరంలోనూ ఒక్క ముక్క చెప్పలేదు.

సోమవారం తాహేరా తాళం తీసేసరికి మెట్ల మీద ఉన్నాడు.

“తిట్టినందుకు మాఫ్ చేయమని రాయి బిడ్డా,” అన్నాడు స్టూలు మీద కూర్చుంటూ. “ఇంకో మాట గూడ అడుగు. నా చెయ్యి ఒణుకుతదని నీకెవరు చెప్పిర్రు అని.”

తాహేరా మీటల మీంచి చేతులు తీసి అతని వైపు తిరిగింది.

“ఆ జర్మనీ ఆయన గీ పని ఇడిసిపెట్టి ఏడాదైతాంది కాకా, నీ తిట్లన్నీ నాకే ముట్టినయి,” అంది.