పేడ ఉండలో ఆకు

ముందుది వెనకా, వెనకది ముందూ చెబుతానేమో గానీ కథ మాత్రం ఇదే.

ఆ అడవిలో ఇల్లు మారినవాళ్లు కొత్త పొద ఆకొకటి చుట్టాలకు పంపడం ఆచారం. కుందేలు ధవళమ్మ పిల్లల్ని కన్నాక వాక్కాయ పొదలోకి మారి, వాగవతలి చెల్లెలికి చీమల చేత వాక్కాయ ఆకు పంపింది. దారిలో కాకి కాటుకయ్య అది లాక్కుని చూసి, "కుందేలమ్మ వాక్కాయ పొదలో ఉందహో" అని అడవంతా చాటాడు. చెల్లెలి కన్నా ముందు నక్క వచ్చింది. ధవళమ్మ పిల్లల్ని కరుచుకుని ఎలాగో రేగుపొదలోకి తప్పించుకుంది.

మర్నాడు కాకిని నిలదీసింది.

"తప్పు చేయనిదానికి దాపరికమెందుకమ్మా?" అన్నాడు కాటుకయ్య.

"మరి నీ గూడు చిటారుకొమ్మన ఎందుకు కట్టుకున్నావయ్యా?"

ఈసారి రేగాకును పేడపురుగు గుండ్రయ్యకిచ్చింది. అతను దాన్ని పేడ ఉండలో పెట్టి, అందరూ చూస్తుండగా అదే దారిన దొర్లించుకుపోయాడు. కాటుకయ్య ముక్కు తిప్పుకున్నాడు. అవతల చెల్లెలు ఉండ పగలగొట్టి, ఆకు చూసి, తిన్నగా రేగుపొదకు వచ్చింది.

"ఆకు కంపు కొడుతోందక్కా."

"దారి అందరిదీనే చెల్లీ. నా పిల్లలు పడుకునే చోటు నీకు చెప్పుకోవడానికి పేడ పూయాల్సి వచ్చింది. ఆ కంపు ఆకుది కాదు, కాకిది."

నేను చెబుతుంటే రాసుకున్నావుగా వారిజా, పేర్లు ఒకసారి చూసిపెట్టమ్మా. కుందేలు పేరు తప్పినా ఫరవాలేదు, కాకి పేరు తప్పకూడదు.