బొంబాయి రక్తం

ఆసుపత్రి జీపు ఇంటి ముందు ఆగడమూ, ధనంజయ అటకెక్కడమూ ఒకేసారి జరిగాయి.

"లేనని చెప్పు," పైనుంచి గుసగుసలాడాడు.

"యాడికి పోయినారని చెప్పేది?" అంది భార్య మునిలక్ష్మి.

"సత్యవేడుకు. మా చెల్లెలింటికి."

అంత దూరం చెబితే మళ్ళీ రారని ఆయన లెక్క.

అటెండరు ఎల్లప్ప గడపలో నిలబడ్డాడు. "సారుండారామ్మా? ఐరాల నుంచి కాన్పుకొచ్చినామెకు రక్తం ఆగకుండా పోతాండాది. ఆమెదీ సారు గ్రూపేనంట, ఇంకే రక్తమూ ఎక్కించకూడదంట."

"అయ్యో, సత్యవేడు పోయినారప్పా! చెల్లెలు గురవమ్మ ఇంటికి, బస్టాండు ఎనకాల."

ఎల్లప్ప గుమ్మం పక్కనున్న బోర్డు వైపు ఒకసారి చూసి జీపెక్కాడు. 'కె. ధనంజయ, బి.ఏ., బాంబే బ్లడ్ గ్రూపు.'

ఆర్నెల్ల కిందట ఆఫీసులో రక్తపరీక్షలు చేసినప్పుడు బయటపడిన ఘనత అది. పదివేలమందిలో ఒకరికి ఉంటుందన్నారు. "ఊరికే రాదబ్బా. అమ్మ వైపు, నాయన వైపు, రెండు వైపులా ఉంటేనే వస్తాది," అని రేషన్ షాపు క్యూలో నిలబడ్డవాళ్ళందరికీ చెప్పాడు. పరీక్షకు తీసిన ఆ కాస్త రక్తానికే కళ్ళు తిరిగి పడిపోయిన సంగతి మాత్రం, చోటు చాలక, బోర్డులో రాయించలేదు.

జీపు పోయాక దిగి అన్నం ముందు కూర్చున్నాడు. ముద్ద దిగలేదు.

"ఆ తల్లికి ఏమన్నా అయితే?" అంది మునిలక్ష్మి.

"లోకంలో నేనొక్కడినే ఉండానా?"

"ఒక్కడినే అని బోర్డు రాయించింది మీరే కదా!"

చేయి కడుక్కున్నాడు. బోర్డు ఊడదీసి తలుపు వెనక గోడకు తిప్పి పెట్టాడు. చొక్కా వేసుకుని, పొద్దుగూకేలోపు మూడుసార్లు వీధి మలుపు దాకా పోయాడు. మూడుసార్లూ సూది గుర్తొచ్చి వెనక్కి వచ్చాడు. నాలుగోసారి బయలుదేరేలోపు జీపు చప్పుడు వినబడింది. కాళ్ళు ఆయన్ని అడగకుండానే అటకెక్కేశాయి.

"సారు సత్యవేడులో లేరమ్మా," అన్నాడు ఎల్లప్ప.

మునిలక్ష్మి పైకి చూడబోయి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"సారు కోసం జీపేసుకుని ఆడికే పోయినాం. సంగతి వినంగానే గురవమ్మ కట్టుబట్టలతో జీపెక్కింది. తోడబుట్టినోళ్ళకు గూడా ఉండచ్చని డాక్టరమ్మ పరీక్ష చేసింది. అదే రక్తం! ఇచ్చింది. తల్లీబిడ్డా బాగుండారు."

అటక మీద ధనంజయకు తుమ్మొచ్చింది. రెండు చేతులా ముక్కు మూసుకున్నాడు.

"మళ్ళా ఎందుకొచ్చినావప్పా?" అంది మునిలక్ష్మి నేల చూస్తూ.

"ఆయమ్మే పంపింది. 'చిన్నప్పుడు టీకాలోళ్ళు వస్తే మాయన్న అటకెక్కి కూసునేవోడు. సూదులైపోయినాయి, దిగొచ్చి అన్నం తినమని చెప్పు' అనింది."